పని మధ్యలో బయట నడిచి రావడం: లేవడం దగ్గర్నుంచి మళ్లీ కూర్చునే దాకా

నడక ఒంటికి మంచిదని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా పొద్దున కుర్చీలో కూర్చున్నవాళ్లు మంచినీళ్లకో బాత్‌రూమ్‌కో తప్ప మధ్యాహ్నం దాకా లేవరు. దీన్ని బద్ధకం అంటే నేను ఒప్పుకోను. పని మధ్యలో వదలడానికి మనసు రాదు. బయటికి వెళ్తే ఎవరేమనుకుంటారోనని మొహమాటం. ఎటు నడవాలో ఆలోచించుకునేలోపు ఇంకో మెయిల్ వచ్చి పడుతుంది. తిరిగొచ్చాక పని ఎక్కడ వదిలామో వెతుక్కోవాలన్న బెంగ ఒకటి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అన్నిటికీ ముందుగా చేసుకోదగ్గ చిన్న ఏర్పాట్లున్నాయి. అసలు నడకలో నేర్చుకోవాల్సింది తక్కువ. కష్టమంతా లేవడంలో ఉంది, తిరిగొచ్చి పనిలో పడటంలో ఉంది. అందుకే ఆ రెండు చోట్ల ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఇక్కడ నడక అంటే ఐదు నుంచి ఇరవై నిమిషాలు, వేసుకున్న బట్టల్లోనే, పెద్దగా చెమట పట్టకుండా బయట తిరిగి రావడం. మీరు పొద్దునో సాయంత్రమో చేసే వ్యాయామం ఉంటే అది అలాగే ఉండనివ్వండి. గంట వ్యాయామం చేసినవాళ్లు కూడా మిగతా రోజంతా కదలకుండా కూర్చుంటే ఆ కూర్చోవడం వేరే సమస్యే.

బయటికే ఎందుకు

కూర్చున్నంతసేపూ పిక్కల కండరాలు ఊరికే ఉంటాయి. కాళ్లలోని రక్తాన్ని గుండెవైపు పైకి తోయడంలో వాటి పాత్ర పెద్దది. అవి కదలకపోతే సాయంత్రానికి పాదాలు బరువెక్కుతాయి, చెప్పులు బిగుసుకున్నట్టు అనిపిస్తాయి. ఈ కూర్చోవడం గురించి తొలి పెద్ద ఆధారం 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు తన బృందంతో లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించాడు. అవే బస్సులు, అవే రూట్లు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. డ్రైవర్ల యూనిఫాంల నడుము కొలతలు మొదట్నుంచీ పెద్దవని అదే బృందం 1956లో చూపించింది. కాబట్టి తేడా మొత్తాన్నీ సీటు మీదికి నెట్టేయలేం. కానీ కూర్చునే ఉద్యోగాన్ని అనుమానంగా చూడటం అక్కడే మొదలైంది.

కాళ్లు కదలడానికే అయితే కారిడార్ చాలు. బయటికి వెళ్లమనడానికి కారణం వెలుతురు, దూరం. మామూలు ఆఫీసు గదిలో వెలుతురు 300 నుంచి 500 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. మబ్బు పట్టిన పగలు కూడా బయట అది వేలల్లో ఉంటుంది, నేరుగా ఎండ ఉంటే లక్షకు దగ్గరపడుతుంది. కంటిపాప చిన్నదై సర్దుకుంటుంది కాబట్టి మనకి అంత తేడా తెలియదు. కానీ నిద్రనీ మెలకువనీ నడిపే ఒంట్లోని గడియారానికి ఈ పగటి వెలుతురే సంకేతం. ఇక దూరం సంగతి. స్క్రీన్ మన కళ్లకి రెండడుగుల లోపు ఉంటుంది. అంత దగ్గరి వస్తువు చూడాలంటే కంటి లోపలి చిన్న కండరం బిగుసుకుని ఉండాలి. దూరంగా చూసినప్పుడే అది వదులవుతుంది. పైగా స్క్రీన్ ముందు మనం రెప్పలు తక్కువగా వేస్తాం, కళ్లు పొడిబారతాయి. వీధి చివర చెట్టునో మేడల మీది ఆకాశాన్నో కాసేపు చూస్తే ఈ రెండూ తేలికపడతాయి.

ఏ సమయానికి లేవాలి

చాలామంది ఫోన్‌లో అలారం పెట్టుకుంటారు. గంటకోసారి మోగేలా. అది ఎక్కువకాలం నడవదు. సరిగ్గా వాక్యం మధ్యలో ఉన్నప్పుడో, లెక్క సగంలో ఉన్నప్పుడో మోగుతుంది. "ఇదొక్కటి అయ్యాక" అనుకుని ఆపేస్తారు. రోజూ ఆపేసే అలారం కొన్నాళ్లకి చెవికి వినపడడం మానేస్తుంది.

గడియారం బదులు పని ఒక కొలిక్కి వచ్చే చోట్లు చూసుకోండి. ప్రతి ఉద్యోగంలోనూ అవి ఉంటాయి. మీటింగ్ అయిపోతుంది. ఒక ఫైల్ పంపేస్తారు. భోజనం ముగుస్తుంది. కోడ్ పరీక్షకి పెట్టి ఫలితం కోసం చూస్తుంటారు. పెద్ద ఫోన్ కాల్ ముగిసి చెవి వేడెక్కి ఉంటుంది. నిన్న ఒక్కరోజు గుర్తు చేసుకోండి, కాగితం మీద రాయండి. ఇలాంటివి ఐదారు కనిపిస్తాయి. వాటిలో రోజూ తప్పకుండా వచ్చేవి రెండు ఎంచుకోండి.

తర్వాత వాటిని ఒక వాక్యంగా రాసుకోండి. "పొద్దుటి టీమ్ మీటింగ్ అయిన వెంటనే సీటు దగ్గరికి రాకుండా కిందికి దిగుతాను." "భోజనం అయ్యాక నేరుగా గేటు దాటుతాను." ఇలా ఫలానాది జరిగితే ఫలానాది చేస్తానని ముందే కట్టిపడేసుకున్నవాళ్లు అనుకున్న పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. 1999లో ఆయన రాసిన వ్యాసం తర్వాత దీని మీద చాలా పరిశోధన జరిగింది. "రోజూ నడవాలి" అన్న నిర్ణయంలో ఎప్పుడు అన్నది ఉండదు, అందుకే అది ఎప్పటికీ రేపటికి జరుగుతుంది.

"సీటు దగ్గరికి రాకుండా" అన్న మాట మీద శ్రద్ధ పెట్టండి. మీటింగ్ గది నుంచి సీటుకి వచ్చి, "మెయిల్స్ ఒక్కసారి చూసి వెళ్దాం" అనుకుంటే ఇంక వెళ్లరు. కుర్చీలో కూర్చున్నాక మళ్లీ లేవడం కంటే, నిలబడి ఉన్నప్పుడే బయటికి నడవడం ఎంతో తేలిక. మీరు ఎంచుకునే సమయం వీలైనంతవరకు మీరు అప్పటికే లేచి ఉన్న సమయం కావాలి.

రోజుకి ఒక్కటే కుదురుతుంది అంటే భోజనం తర్వాతది ఎంచుకోండి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లతో రెండు పద్ధతులు పోల్చి చూశారు: రోజులో ఎప్పుడైనా 30 నిమిషాలు నడవడం ఒకటి, ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడవడం రెండోది. మొత్తం నడక అంతే అయినా, భోజనం తర్వాత నడిచినప్పుడు తిన్నాక పెరిగే చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. 2016లో వచ్చిన ఫలితం ఇది. షుగర్ లేనివాళ్లకి కూడా మధ్యాహ్నం తిన్నాక వచ్చే మగత ఎలాంటిదో తెలుసు. ఆ అరగంట కుర్చీలో కునికిపాట్లు పడేకంటే పది నిమిషాలు బయట గడిపితే మధ్యాహ్నం పని బాగా సాగుతుంది.

దారి ముందే నడిచి చూసుకోండి

గేటు దగ్గర నిలబడి కుడికా ఎడమకా అని ఆలోచించే పరిస్థితి రాకూడదు. ఏదైనా ఒకరోజు కాస్త తీరిక ఉన్నప్పుడు మీ ఆఫీసు చుట్టూ తిరిగి మూడు దారులు తేల్చుకోండి: ఐదు నిమిషాలది, పది నిమిషాలది, ఇరవై నిమిషాలది. సమయం కొలిచేటప్పుడు కుర్చీ దగ్గర్నుంచి కుర్చీ దాకా కొలవండి. లిఫ్ట్ కోసం ఆగడం, తలుపు దగ్గర కార్డు చూపించడం, సిగ్నల్ దగ్గర నిలబడటం అన్నీ అందులో కలవాలి. పది నిమిషాలనుకున్న నడక పద్దెనిమిదై, తర్వాతి మీటింగ్‌కి ఆయాసపడుతూ వెళ్లాల్సి వస్తే మర్నాడు లేవాలనిపించదు.

దారి ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవి. వెళ్లిన దారినే తిరిగి రావడం కంటే చుట్టు తిరిగి వచ్చే దారి మేలు, ఎందుకంటే సగంలో "ఇక చాలు, వెనక్కి వెళ్దాం" అనే ఆలోచన రాదు. సిగ్నళ్లు తక్కువ ఉండాలి. పెద్ద రోడ్డు కంటే దాని వెనక వీధి మంచిది. వాహనాల పొగ రోడ్డు అంచున ఎక్కువగా ఉంటుంది, కాస్త లోపలికి వెళ్లగానే తగ్గుతుంది. ఒక పక్కన నీడ ఉందా, ఏ వేళకి ఏ పక్కన ఉంటుంది అన్నది కూడా చూసి పెట్టుకోండి.

చెట్లున్న దారి దొరికితే కొంచెం దూరమైనా అదే పట్టుకోండి. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరిని చెట్ల తోటలో, మరోసారి ఊరి మధ్య రద్దీ వీధుల్లో నడిపించారు. వినిపించిన అంకెలను వెనక నుంచి ముందుకు చెప్పే పరీక్షలో, తోటలో నడిచి వచ్చినప్పుడు వాళ్లు మెరుగ్గా చెప్పారు. రద్దీ వీధిలో నడిచొచ్చినప్పుడు అంత మెరుగుదల కనిపించలేదు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. రద్దీలో ప్రతి అడుగుకీ బండి వస్తోందా, ఎవరికైనా తగులుతామా అని కాచుకోవాలి. ఉదయం నుంచి అలసిన శ్రద్ధకి అక్కడ విశ్రాంతి దొరకదు. తోట అందుబాటులో లేకపోతే చెట్లు వరుసగా ఉన్న ఒక్క వీధి చాలు. అదీ లేకపోతే ప్రశాంతంగా ఉండే వీధి.

ఆఫీసులో ఉంచుకోవాల్సిన సామాను కొంచెమే. డెస్క్ కింద నడవడానికి వీలైన బూట్లో చెప్పులో, మడిచే గొడుగు, టోపీ, జేబులో గుర్తింపు కార్డు. గొడుగు ఇంట్లో ఉండి వర్షం ఆఫీసులో పడితే ఉపయోగం లేదు, కాబట్టి రెండోది కొని ఆఫీసులోనే వదిలేయండి.

లేచే ముందు ఒక చీటీ

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తు పెట్టుకోగలను అంటే ఇది పెట్టుకోండి. లేచే ముందు, ఆ అరనిమిషంలో, చేస్తున్న పని గురించి రెండు ముక్కలు రాయండి. ఎక్కడిదాకా వచ్చాను, వచ్చాక మొదట చేయాల్సిందేమిటి. అంతే.

రాసేది ఇలా ఉండాలి: "ఖర్చుల పట్టికలో మూడో వరుస దాకా సరిచూశాను. నాలుగో వరుస మొత్తం తేడాగా ఉంది, గత నెల పట్టికతో పోల్చాలి. ఆ పట్టిక పక్క విండోలో తెరిచే ఉంది." "రిపోర్టు పూర్తి చేయాలి" అని రాస్తే లాభం లేదు. అది మీకు ముందే తెలుసు. తిరిగొచ్చి కూర్చోగానే చేయి ఎక్కడ పెట్టాలో చెప్పేది కావాలి. కాగితం మీద రాస్తే ఇంకా మంచిది, కీబోర్డు మీద అడ్డంగా పెట్టి వెళ్లండి. వచ్చాక దాన్ని తీయకుండా ఇంకేదీ మొదలుపెట్టలేరు.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, సగంలో వదిలిన పని మనసులో కొంత చోటు పట్టుకునే ఉంటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని గురించి రాసింది. ఒక పని నుంచి ఇంకోదానికి మారినా మన శ్రద్ధలో కొంత భాగం ముందటి పనికే అంటుకుని ఉండిపోతుందని ఆమె చూపించింది. తర్వాత 2018లో ఆమే థెరీసా గ్లోంబ్ అనే మరో పరిశోధకురాలితో కలిసి, వదిలే ముందు "తిరిగి ఇలా అందుకుంటాను" అని చిన్న ప్రణాళిక రాసుకున్నవాళ్లకి ఆ పట్టు సడలుతుందని చూపించింది. వాళ్లు చూసింది ఒక పని నుంచి మరో పనికి మారడాన్ని, కానీ నడకకి కూడా ఇదే సూత్రం సరిపోతుంది. చీటీ రాయకుండా వెళ్తే కాళ్లు వీధిలో ఉంటాయి, తల స్ప్రెడ్‌షీట్‌లో ఉంటుంది. మర్చిపోతానేమోనని దారి పొడవునా ఆ నాలుగో వరుసనే తల్చుకుంటారు. రాసి వెళ్తే దాన్ని మోయాల్సిన పనిలేదు.

చీటీతో ఇంకో మేలుంది. పని మధ్యలో వదలడానికి మనసు రాకపోవడానికి సగం కారణం తెగిన దారం మళ్లీ దొరకదేమోనన్న భయమే. రోజూ చీటీ చూసి హాయిగా పని అందుకోవడం అలవాటయ్యాక లేవడం కూడా తేలికవుతుంది.

ఫోన్ సంగతి

అత్యవసరం కోసం జేబులో పెట్టుకోండి, సైలెంట్‌లో. చేతిలో వద్దు. చేతిలో ఉంటే చూస్తారు, చూస్తే మెడ వంగుతుంది, కళ్లు మళ్లీ అదే దూరంలో బిగుసుకుంటాయి, అడుగు నెమ్మదిస్తుంది, రోడ్డు మీద ప్రమాదం కూడా. ఆఫీసు సందేశాలు చదివితే అది స్థలం మారిన పనే అవుతుంది. పాటలు వినాలనిపిస్తే వినండి, ఒక చెవి ఖాళీగా ఉంచుకుని. అయితే మొదటి వారం ఏమీ వినకుండా నడిచి చూడమంటాను. రోజంతా చెవిలో ఏదో ఒకటి పోసుకునేవాళ్లకి ఆ పది నిమిషాల ఖాళీ ఎంత అవసరమో నడిస్తేనే తెలుస్తుంది.

ఎలా నడవాలి, ఏం ఆలోచించాలి

మొదటి రెండు నిమిషాలు మెల్లగా. కుర్చీలో గంటలకొద్దీ ఉన్న తుంటి కీళ్లు, నడుము ఒక్కసారిగా వేగం అందుకోలేవు. భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉన్నాయేమో గమనించండి, చాలామందికి తెలియకుండానే అలా ఉంటాయి. ఊపిరి పూర్తిగా వదిలి వాటిని కిందికి జారనివ్వండి. చేతులు ఊగనివ్వండి, జేబుల్లో పెట్టుకోవద్దు.

తర్వాత ఓపిక ఉంటే వేగం పెంచండి. ఎంత అంటే, మాట్లాడగలగాలి కానీ పాడలేకపోవాలి. నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే అది మధ్యస్థమైన శ్రమ కింద లెక్క. ఒంట్లో బాగోలేని రోజు, నిద్ర చాలని రోజు, మెల్లగా తిరిగి వచ్చినా ఫర్వాలేదు. చూపు మాత్రం ముందుకి, దూరానికి పెట్టండి.

ఏం ఆలోచించాలి అన్నది ఆ రోజు పనిని బట్టి ఉంటుంది. ఉదయమంతా తల వాచిపోయేలా పని చేసి ఉంటే ఏమీ ఆలోచించకుండా, కనపడేవి చూస్తూ నడవండి. ఏదైనా కొత్త ఆలోచన కావాలంటే మాత్రం గేటు దాటేటప్పుడు ఒక ప్రశ్న మనసులో వేసుకుని వెళ్లండి: "ఈ శిక్షణ విసుగు పుట్టకుండా ఎలా మొదలుపెట్టాలి?" లాంటిది. ప్రశ్న వేసి వదిలేయండి, జవాబు కోసం తవ్వకండి. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మరిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, ఒక వస్తువుని ఎన్ని రకాలుగా వాడొచ్చో చెప్పమంటే కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు జనానికి ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. నడిచి వచ్చి కూర్చున్నాక కూడా కాసేపు ఆ ప్రభావం ఉంది. ఖాళీ గోడకి ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం కనిపించింది, కాబట్టి ఈ మేలు ముఖ్యంగా నడకదే. ఒకే ఒక్క సరైన జవాబు ఉండే ప్రశ్నలకి మాత్రం నడక ఏమీ సాయం చేయలేదు. అందుకని పన్ను లెక్కలు తేల్చడానికి నడవకండి, దానికి కుర్చీయే మంచిది.

కోపంగా ఉన్నప్పటి నడక గురించి విడిగా చెప్పాలి. ఎవరిదో మెయిల్ చదివి ఒళ్లు మండితే, జవాబు టైప్ చేసే ముందు లేవండి. పంపకండి, డ్రాఫ్ట్‌లో కూడా పెట్టకండి. ఐదు నిమిషాల దారి చాలదు, ఇరవై నిమిషాలది పట్టుకోండి. మొదటి సగం మీరు మనసులో వాళ్లతో పోట్లాడుతూనే ఉంటారు, అది సహజం. వెనక్కి తిరిగాక మాత్రం "నాకు వీళ్ల నుంచి నిజంగా కావాల్సింది ఏమిటి" అని అడగండి. వచ్చి రాసే మెయిల్ చిన్నదిగా ఉంటుంది, పని కూడా అవుతుంది.

నడుస్తూ మాట్లాడుకోవడం

ఇద్దరి మధ్య మాట అయితే దానికి గది అక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లతో ముచ్చట, ఎవరైనా ఇబ్బంది చెప్పుకోవాలనుకున్నప్పుడు వినడం, ఇంకా రూపం రాని పథకం గురించి మాట్లాడుకోవడం, ఇవి నడుస్తూ బాగా సాగుతాయి. ఎదురెదురుగా కళ్లలోకి చూస్తూ చెప్పలేని మాట పక్కపక్కన నడుస్తూ చెప్పగలుగుతారు. ముగ్గురు దాటితే వద్దు, వెనకున్నవాళ్లకి వినపడదు. పత్రాలు చూడాల్సినవి, జీతం లాంటి గుట్టు విషయాలు వీధిలో వద్దు. ముందురోజే చెప్పండి, అవతలివాళ్లకి తగిన చెప్పులు, ఆరోగ్యం, ఇష్టం ఉండాలి కదా. కాదంటే కారణం అడక్కండి. తిరిగి రాగానే అనుకున్నవి మూడు వాక్యాల్లో రాసి ఇద్దరికీ పంపుకోండి, లేకపోతే గాలికి పోతాయి.

మీ ఫోన్ కాల్స్‌లో మీరు ఎక్కువగా వినడమే ఉండేవాటిని కూడా ఇలా మార్చుకోవచ్చు. కానీ రోజులో కనీసం ఒక నడక ఏ పనీ లేకుండా మిగలాలి. అన్నిటినీ మీటింగులు చేసేస్తే విరామం మిగలదు.

తిరిగొచ్చాక

ఇక్కడే చాలామందికి జారిపోతుంది. సీటుకి రాగానే మెయిల్ తెరుస్తారు, ఆరు కొత్తవి ఉంటాయి, మూడోదానికి జవాబు రాస్తూ ఉండగా అరగంట పోతుంది. "నడిచొచ్చాక పని సాగట్లేదు" అనిపిస్తుంది. నిజానికి పాడుచేసింది నడక కాదు, వచ్చాక తెరిచిన మొదటి విండో.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. వీలైతే చివరి రెండంతస్తులు మెట్లెక్కండి. నీళ్లు తాగండి. కూర్చుని చీటీ చదవండి. అందులో రాసిన మొదటి పనిని, మెయిల్ చూడకుండా, ఐదు నిమిషాలు చేయండి. ఆ ఐదు నిమిషాల్లో పని పట్టు దొరుకుతుంది. తర్వాత మెయిల్ చూసినా నష్టం లేదు. దారిలో ఏదైనా ఆలోచన తడితే చీటీ వెనక్కి తిప్పి ముందు అది రాయండి, ఎంత చిన్నదైనా. కూర్చున్నాక అవి త్వరగా ఆవిరైపోతాయి.

ఎవరేమనుకుంటారో

చెప్పకుండా మాయమైతేనే ప్రశ్నలు వస్తాయి. మీ పైవాళ్లకి ఒకసారి సూటిగా చెప్పండి: "భోజనం తర్వాత పది నిమిషాలు నడిచొస్తున్నానండీ. ఆ సమయంలో ఫోన్ నా దగ్గరే ఉంటుంది, అవసరమైతే కాల్ చేయండి." అనుమతి అడుగుతున్నట్టు నసగకుండా, సమాచారం ఇస్తున్నట్టు చెప్పండి. షేర్డ్ క్యాలెండర్ ఉంటే ఆ పది నిమిషాలు అందులో పెట్టేయండి. చెప్పిన సమయానికి తిరిగి రండి. వారం రోజులు అలా వస్తే ఇంక ఎవరూ పట్టించుకోరు, ఒకరిద్దరు మీతో కలుస్తారు కూడా. మీరే టీమ్ పెద్దయితే మీరు లేచి వెళ్లడమే మిగతావాళ్లకి ధైర్యం. మెయిల్‌లో ఆరోగ్య సలహాలు పంపేకంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

కౌంటర్ దగ్గరో కాల్ సెంటర్‌లోనో పనిచేసేవాళ్లకి ఇష్టమొచ్చినప్పుడు లేచే వీలుండదు. వాళ్లకి ఇచ్చిన విరామంలో మొదటి ఐదు నిమిషాలు బయట, మిగతాది కూర్చుని తినడానికి అని విడదీసుకోవడమే మార్గం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి అడ్డు చెప్పేవాళ్లు లేరు కానీ లేపేవాళ్లు కూడా లేరు. పని మొదలుపెట్టే ముందు ఒక చుట్టు, ముగించాక ఒక చుట్టు తిరగండి. ఆఫీసుకి వెళ్లి రావడంలో ఉండే విరామం తిరిగి దొరుకుతుంది, పని ఎప్పుడు అయిపోయిందో ఇంటికి, ఒంటికి తెలుస్తుంది.

ఎండ, వాన, చలి, పొగ

తీవ్రమైన ఎండల్లో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు మధ్య పెద్ద నడకలు వద్దు. ఐదు నిమిషాల దారి, నీడ ఉన్న పక్క, తల మీద టోపీయో గొడుగో. ఏసీ గది నుంచి నేరుగా ఎండలోకి దిగకుండా కింద లాబీలో ఒక నిమిషం ఆగండి. తల తిరగడం, వికారం, తలనొప్పి, ఉన్నట్టుండి నీరసం వస్తే నడక ఆపి చల్లటి చోట కూర్చుని నీళ్లు తాగండి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నట్టు ఉన్నా వెంటనే వైద్యసాయం కావాలి.

తుంపరలో గొడుగుతో నడక బాగుంటుంది. ఉరుముల్లో వద్దు. చలిలో చెవులు, మెడ కప్పుకుని మొదటి నిమిషాలు ఇంకా మెల్లగా నడవండి, ఆస్తమా ఉన్నవాళ్లకి చల్లగాలి పడకపోవచ్చు. గాలి నాణ్యత బాగోలేదని సూచన ఉన్న రోజు బయట వేగంగా నడవడం అనవసరం, కారిడార్లు, మెట్లు వాడుకోండి. రాత్రి షిఫ్ట్ వాళ్లు దీపాలున్న ఆవరణలోనే, వీలైతే ఇద్దరుగా నడవండి.

ఎంత నడిస్తే సరిపోతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్తున్నాయి. కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అన్న పాత షరతు అందులో తీసేశారు. రోజుకి మూడు పది నిమిషాల నడకలు, ఐదు పనిదినాలు అనుకుంటే 150 వచ్చేస్తాయి. పదివేల అడుగుల లెక్క మాత్రం పట్టుకుని కూర్చోకండి. అది 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్కింపు పరికరంతో ప్రచారంలోకి వచ్చిన అంకె.

2023లో కొలంబియా విశ్వవిద్యాలయంలో 11 మందితో చేసిన చిన్న ప్రయోగంలో, అరగంటకోసారి ఐదు నిమిషాలు మెల్లగా నడిచినప్పుడు భోజనం తర్వాత చక్కెర పెరుగుదల రోజంతా కూర్చున్నప్పటి కంటే 58 శాతం తగ్గింది. అరగంటకోసారి వీధిలోకి వెళ్లడం ఏ ఉద్యోగంలోనూ కుదరదు. దాన్ని ఇలా సర్దుకోండి: రోజుకి రెండు మూడుసార్లు బయటికి, మధ్యలో అరగంటకో ముప్పావుగంటకో లేచి గదిలోనే ఒక నిమిషం. అదే ప్రయోగంలో అరగంటకి ఒక్క నిమిషం నడిచినా రక్తపోటు కొంత తగ్గింది.

గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి, గర్భం ఉన్నవాళ్లు తమ డాక్టర్‌ని అడిగి వేగం, దూరం పెట్టుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, చక్కెర బాగా తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లు జేబులో ఏదైనా తీపి ఉంచుకోండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పో బిగువో వస్తే ఆగిపోయి సాయం పిలవండి, సీటు దాకా వెళ్లి చూద్దామనుకోవద్దు. చక్రాల కుర్చీ వాడేవాళ్లకి కూడా వెలుతురు, దూరపు చూపు, చీటీ, విరామం అన్నీ ఇలాగే వర్తిస్తాయి. దారి చూసుకునేటప్పుడు ర్యాంపులు, నేల సంగతి ముందుగా చూసుకోవాలి, అంతే తేడా.

మొదటి రెండు వారాలు

మొదటి వారం ఒక్క నడకే పెట్టుకోండి, ఐదు నిమిషాలది. పది చేయగలిగినా ఐదుకే ఆపండి. ఈ వారం నేర్చుకునేది చీటీ రాసి లేవడం, మెయిల్ తెరవకుండా కూర్చోవడం. రెండో వారం దాన్ని పది నిమిషాలు చేసి, రెండో సమయం కలపండి. మూడోది తర్వాత చూసుకోవచ్చు.

రెండో వారం చివర ఒకసారి పరిశీలించుకోండి. ఒక సమయం పదేపదే తప్పిపోతుంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఆ సమయాన్నే మార్చండి. మీటింగ్ తర్వాత ఎవరో ఒకరు ఆపి మాట్లాడుతున్నారా? అయితే అది మీకు కుదిరే చోటు కాదు, ఫైల్ పంపాక లేవండి. దారిలో కుక్కల భయం ఉందా, వీధి మార్చండి. డెడ్‌లైన్ వారంలో అంతా ఆగిపోతే, తిరిగి మొదలుపెట్టేటప్పుడు వదిలిన చోటు నుంచి కాకుండా మళ్లీ భోజనం తర్వాతి ఐదు నిమిషాల నుంచి మొదలుపెట్టండి. ఎగ్గొట్టిన నడకలకి పరిహారంగా ఒకేరోజు గంట నడవాల్సిన పని లేదు.